పసుపు చీర, రెండో పందెం

"ఆ చొక్కా ఏసుకోని నా బస్సు ఎక్కేదానికి లేదు, చెప్తాండా."

"నీ బస్సా అవ్వా? బాడుగ అందురూ కలిసి కడతాంటే అది నీ బస్సు ఎట్లయింది?"

"నీ బావ కోసరం పెట్టిన బస్సు. వాణ్ణి చూసేదానికి పోయే బస్సు. నీ వీపు మింద రాసుండేది ఎవురి పేరే?"

"బాగా తోలే ఆయప్పది. నీకు నోరు తిరగదులే."

"తిరక్కపోతే పాయ. ఆయప్పేమన్నా మనింటికి బియ్యమిచ్చినాడా, పిల్లనిచ్చినాడా?"

"నీ చేతి పులిహోర తిన్నాడు కదవ్వా. కరేపాకు గూడా పారెయ్యకుండా."

మదనపల్లిలో మా ఇంటి వరండాలో, కోయంబత్తూరుకు బస్సు బయలుదేరే ముందురోజు సాయంత్రం జరిగిన మాటలివి. నా ఎదురుగా నిలబడింది నా కొడుకు కూతురు. మా ఊరి పక్కన అంగళ్లు అనే ఊళ్లోని కాలేజీలో ఇంజనీరింగు చదువుతుంది. తను వేసుకున్నది నీలం చొక్కా, దాని వీపున కార్ల పందేలు తోలే ఒక పరదేశీయుడి పేరు. ఎంత పెట్టి కొన్నావని అడిగితే చెప్పలేదు. చెప్పలేదు గనకే ఎంతయి ఉంటుందో నాకు తెలిసిపోయింది. నా చేతులు మోచేతుల దాకా చింతపండు గుజ్జులో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ చొక్కాను ఆ పూటే వంటింటి మసిగుడ్డల్లో కలిపేసేదాన్ని. పైగా ఆ చివరి మాట నిజం కావడం వల్ల నాకు ఇంకా ఒళ్లు మండింది.

అయిదో తరగతితో బడి మానేసిన మనిషిని. కారు పందేల సంగతి నాకెందుకని చదివేవాళ్లు అనుకోవచ్చు. నా కూతురి కొడుకు, అంటే ఆ పిల్లకు బావ, పుంగనూరులో పుట్టి ఆ పందేల్లో పడ్డాడు గనక నాకు పట్టింది. వాడు మొదట తోలింది పందెం కారు కాదు, టమోటా వ్యాను. మదనపల్లి మార్కెట్లో క్రేట్లు ఎత్తుకొని మద్రాసుకూ బెంగుళూరుకూ పోయేవాడు. టమోటా తోలేవాడు బిరీన చేరాలి, కాయ నలగకుండా చేరాలి. బిరీన పోయేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. వీడి బండిలో మాత్రం అడుగు క్రేటులోని కాయ కూడా తోటలో కోసినట్టే దిగేదని మండీవాళ్లు చెప్పుకునేవారు. ఆ మాట విని, బెంగుళూరు రోడ్డులో కార్లు బాగుచేసే షెడ్డు సాయిబు ఒక పాత కారును తనే సరిచేసి, మట్టి బాటల మీద జరిగే పందేలకు వీణ్ణి తీసుకుపోయాడు. అక్కడి నుంచి మెల్లగా దేశంలోని పెద్ద పందేల దాకా ఎక్కాడు. మొదటిసారి చూసినప్పుడు, బయలుదేరిన చోటికే మళ్లీ రావడానికి ఇంత పెట్రోలు పోస్తారా అన్నాను. రెండోసారి ఆ మాట అనలేదు. మూడోసారికి నేనే అందరికంటే ముందు లేచి నిలబడ్డాను.

ఏడాదికొకసారి కోయంబత్తూరు పందేనికి బస్సు పెట్టడం మాకు అలవాటైంది. మదనపల్లిలో మేమూ, షెడ్డు మనుషులూ, మండీ హమాలీలూ ఎక్కేవాళ్లం. పుంగనూరులో నా కూతురూ వాళ్ల వీధివాళ్లూ ఎక్కేవాళ్లు, కుప్పంలో నా చెల్లెలి సంసారం ఎక్కేది. పులిహోర నాది, వేరుశనగ ఉండలు చెల్లెలివి. బాటలో ఒక మలుపు ఉంది, అక్కడ ఎంతటివాడైనా కారును తగ్గించాల్సిందే. మేము ఆ మలుపు దగ్గర కంచెకు ఆనుకొని నిలబడేవాళ్లం. నా పాత పసుపు చీర, ఎర్రంచుది, కట్టుకోవడానికి పనికిరాకపోయినా గుడ్డ గట్టిది. దాన్ని రెండు వెదురు బొంగులకు కట్టి చాపేవాళ్లం. "మీ కేకలు నాకు ఇనపడవు అవ్వా, ఇంజను మోత. చీర మటుకు కనపడతాది. అది కనపడితే అందురూ వచ్చినారని లెక్క" అనేవాడు మనవడు. చుట్టుపక్కల నిలబడేవాళ్లు కూడా మాలాంటివాళ్లే. ఒక్కో పిల్లవాడి కోసం ఒక్కో ఊరు వచ్చేది. సేలం పిల్లవాడి తల్లి మాకు మురుకులు పంచేది, మేము వాళ్లకు ఉండలిచ్చేవాళ్లం, పందెం మొదలుకాగానే ఒకరి బిడ్డ వెనకబడాలని ఒకరం మొక్కుకునేవాళ్లం. జనం తక్కువే. ఉన్న జనంలో ఎవరు ఎవరి కోసం వచ్చారో మాత్రం అందరికీ తెలుసు.

ఆ తక్కువే పందేలు జరిపే పెద్దలకు నచ్చలేదట. జనం రావాలంటే బయటి దేశాల డ్రైవర్లు కావాలన్నారు. పోయిన ఏడాది వాళ్లను దించారు. దాంతో పాటు పెద్ద టీవీలు దిగాయి, పాటలు దిగాయి, మా మలుపు దగ్గర కూర్చొని చూసే ఇనుప మెట్లు లేచి వాటికి వేరే టికెట్టు వచ్చింది. మమ్మల్ని ఎండలో దూరంగా తోశారు. జనం వచ్చారు, రాలేదని నేను అబద్ధమాడను. మూడు బస్సుల దుమ్ము చూసిన చోట జాతర దుమ్ము లేచింది. ఎవరి కోసం వచ్చావమ్మా అని పక్కనున్న పిల్లను అడిగితే, నాకు నోరు తిరగని ఒక పేరు చెప్పింది. ఆయనది ఏ ఊరో, తల్లి ఎవరో ఆ పిల్లకు తెలియదు. తెలియనివాడి కోసం గొంతు పోయేలా ఎలా అరుస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. గేటు దగ్గర బయటి తిండి లోపలికి రాకూడదని పులిహోర గంపను ఆపేశారు. లోపల అమ్మే నీళ్ల సీసా ధర విని, దాహాన్నే ఆపుకున్నాను. గంపను బస్సులోనే పెట్టి వచ్చాం.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. కొత్త పద్ధతిలో ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు, ఒక పరదేశీయుడు, ఒక మనవాడు. ఒకే కారు, ఒకే రంగు, ఒకే అంకె. మొదటి పందెం ఒకరు తోలితే రెండో పందెం ఇంకొకరు తోలతారు. హెల్మెట్టు పెట్టుకుంటే ఎవరి మొహమైనా ఒకటే. నీలం కారు నా మనవడిదని తెలుసు, నీలం కారు కనపడింది, మేము చీర ఎత్తాం. ఎండలో చేతులు పడిపోయేలా ఊపాం. హమాలీలు టమోటా వేలంలో పాట పాడినట్టు వాడి పేరు పాడారు. నీలం కారు అందరికంటే ముందు వచ్చింది. నా కూతురు ఏడ్చింది, నా చెల్లెలు నా వీపు మీద చరిచింది. పందెం అయిపోయింది, గెలిచాం, ఇక తిందామని అందరం గేటు దాటి బస్సు దగ్గరికి వచ్చేశాం. నూనె అంటుకొని పాడవుతుందని నేను చేతికి కట్టిన టికెట్టు పట్టీని జాగ్రత్తగా ఊడదీసి రొండిన దోపుకొని, పొట్లాలు పంచుతున్నాను. అప్పుడు లోపలి నుంచి మైకులో మనవడి పేరు వినపడింది. రెండో పందెం మొదలవుతోందన్నారు. నా కూతురి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "అమా, మరి ఇంతసేపూ తోలింది ఎవురు?" అంది.

పరుగెత్తాం. ఊడదీసిన పట్టీ చెల్లదని గేటు మనిషి నన్ను ఆపేశాడు. చెల్లెలు తనకొచ్చిన అరవంలో అతన్ని ఉతికి ఆరేసింది. మేము లోపలికి పోయేసరికి నీలం కారు ఆఖరి చుట్టులో ఉంది. మా ముందు నుంచి ఒక్కసారి పోయింది. చీర బస్సులోనే ఉంది. వాడు మధ్యలో ఎక్కడో వచ్చాడు. మేము నిలబడాల్సిన చోట వాడు ప్రతి చుట్టుకూ చూసి ఉంటాడు. ఇంత మంది ఖర్చు పెట్టుకొని అంత దూరం వెళ్లి, వాడు తోలినంతసేపూ పులిహోర తిన్నాం. ఈ సంగతి ముందే మైకులో విడమరిచి చెప్పాలా వద్దా? నా మనవరాలు తను చెప్పానంటుంది, ఎవరూ వినలేదంటుంది. వినేలా చెప్పాలి కదా.

సాయంత్రం మనవడు బస్సు దగ్గరికి వచ్చాడు, వెంట ఆ మొదటి పందెం గెలిచిన పరదేశీయుడు, ఇప్పుడు నా మనవరాలి వీపున ఉన్న పేరు అతనిదే. పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో ఉన్నాడు. చీర చుట్టిన బొంగులను చూసి, నాకు దండం పెట్టి ఏదో అన్నాడు. మనవడు అతనికి తలూపి ఏదో చెప్పాడు. ఇంటికి వచ్చినవాడికి పెట్టకుండా ఉండలేక ఒక పొట్లం ఇచ్చాను. బస్సు మెట్టు మీద కూర్చొని, కాగితానికి మెతుకు మిగలకుండా, కరివేపాకు కూడా నమిలి తిన్నాడు. అంత శుభ్రంగా తినేవాణ్ణి మా ఇంట్లోనే చూడలేదు. అతను పోయాక, ఏమన్నాడురా అని అడిగాను.

"ఆ పసుపు గుడ్డ ఎగరేసింది నా కోసరమేనా అని అడిగినాడవ్వా."

"నువ్వేమన్నావు?"

"అవునన్నా. పాపం, వాళ్లోళ్లు ఎవురూ రాలేదు కదా."

"మరి నీకు?"

"నాకేముండాది లే అవ్వా, మీరందురూ మనింటోళ్లే కదా" అని, ఖాళీ పొట్లాలు ఏరి గంపలో వేశాడు. వాణ్ణి కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక రెండూ మానేశాను.  కుప్పంలో దిగేటప్పుడు చెల్లెలు ఉండల డబ్బా మరిచిపోయి పోయింది.

ఇప్పుడు ఈ ఏడాది సంగతి. నా మనవడి కారు యజమాని, పుంగనూరులో వాడి తల్లికి కూడా వినపడేలా ఫోనులోనే వాడితో అన్నాడట: మొదటి పందెం అవ్వగానే జనం లేచి వెళ్లిపోతున్నారు, రెండో పందేనికి మెట్లు ఖాళీగా కనపడుతున్నాయి, ఈసారి కూడా అట్లే ఉంటే వచ్చే ఏడు ఇద్దరినీ బయటివాళ్లనే పెట్టుకుంటాను అని. అంటే వాడు మళ్లీ టమోటా వ్యాను ఎక్కాలి. జనాన్ని తేవడానికి వాళ్లను తెచ్చారు, వచ్చిన జనం మావాణ్ణి చూడకుండా పోతున్నారు గనక మావాణ్ణి తీసేస్తామంటున్నారు. ఇది ఏ ఊరి న్యాయమో నాకు అర్థం కాలేదు. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు ఆ నీలం చొక్కా కంట్లో నలుసయింది.

"వాళ్లొచ్చినంకనే కదవ్వా టీవీలో సూపిస్తాండేది" అంది మనవరాలు, ఆ సాయంత్రం వరండాలో. "అంతకుముందు బావ పేరు మనూర్లోనే సగం మందికి తెలీదు. కాలేజీలో నేను చెప్తే నవ్విండారు. ఇప్పుడు ఆయప్పతో పాటు అదే కారు తోలతాడంటే గమ్మునుండారు."

"అంటే మావోడికి ఆయప్ప పేరు అరువు కావాల్నా?"

"అరువో గిరువో. ఈసారి బస్సుకు పేర్లిచ్చినోళ్లంతా ఆయప్ప కోసరం వచ్చేటోళ్లే. వాళ్లను ఒద్దంటావా? అట్లయితే నువ్వూ, మీ చెల్లెలూ, అత్తా ముగ్గురూ పోయి మెట్లు నింపండి సూస్తాం."

 నాకు కోపం ఇంకా పెరిగింది. ఆ చొక్కాతో వచ్చినవాళ్లకు నా పులిహోర లేదని చెప్పేసి లోపలికి వచ్చాను. 

మర్నాడు తెల్లవారుజామున బస్సు మా వీధి చివరికి వచ్చింది. మనవరాలు ఆ చొక్కాలోనే వచ్చింది. దాంతో పాటు వాళ్ల కాలేజీ పిల్లలు గుంపుగా, సగానికి పైగా అదే నీలం.  మనవరాలు ఒక బొంగు ఎత్తి భుజాన పెట్టుకుంది, రెండోది నేను ఎత్తాను. పుంగనూరులో నా కూతురికి సీటు లేక ఇంజను పక్కన కూర్చుంది. కుప్పంలో చెల్లెలు ఎక్కేసరికి తెల్లగా తెల్లారింది, నిలబడే చోటు కూడా లేదు. ఇన్నేళ్లలో మా బస్సు అంతగా నిండింది లేదు. నా వెనక సీటులోని కుర్రవాడు, ఎవరి బిడ్డో నాకు తెలియదు, నా ఒళ్లో ఉన్న చీరను చూసి, "ఎవురికవ్వా అది?" అని అడిగాడు.

అప్పుడు లేచి, కమ్మీ పట్టుకొని, బస్సంతా వినేలా చెప్పాను. "ఎవురి చొక్కా ఎవురైనా ఏసుకోండి. మొదటి పందెం మీ ఇష్టం, కూచోండి, నిలబడండి. రెండో పందెం నా మనవడిది. అదే కారు, లోపలుండేది వేరే మనిషి. అది అయ్యేదాకా ఎవురూ గేటు దాటేదానికి లేదు. ఎవురూ చేతి పట్టీ ఊడదీసేదానికి లేదు. పులిహోర గంప మూత కట్టేసి బస్సులో పెడతా, రెండో పందెం అయినంకనే పొట్లాలు." కొందరు నవ్వారు. వెనక నుంచి ఎవరో, ఆకలైతే ఎట్లవ్వా అన్నారు. ఆకలైతే గట్టిగా అరవమన్నాను. వెనక కుర్రవాడు నా మనవడి పేరు అడిగాడు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు, ఇంకోసారి చెప్పాను. నా మనవరాలు ఆ పేరును సీటు సీటుకూ పోయి చెప్పుకుంటూ వెళ్లింది. వాళ్లు దాన్ని కృష్ణగిరి దాకా పలికి చూసుకున్నారు, కొత్త ఊరి పేరు నేర్చుకున్నట్టు. నిరుడు ఆ పేరు చెప్పి బస్సును నింపాం. ఈ ఏడు నిండిన బస్సుకు ఆ పేరు నేర్పాం. మధ్యలో గడిచింది ఒక్క ఏడాదే.