సూపర్ అనే వంటాయన

ఇవాళ హనుమకొండలో మా అక్కను చూసి వచ్చాను. అన్నవాహిక ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు ముక్కులోని గొట్టంతో జావ పోస్తున్నారు. అయినా టీవీలో వంటలే చూస్తుంది. (వంటలో నా పాండిత్యం చాయ్ వరకే, అదీ పొంగిపోతుంది.) ఒక వంటాయన ముద్ద నోట్లో పెట్టుకుని "సూపర్" అనగానే అక్క చానల్ మార్చింది.

"ఆయన పెద్ద షెఫ్ కదా అక్కా, గంత కోపమెందుకు?"

"ఏం పెద్ద, తమ్మీ? పులుపున్నదా, కారమున్నదా, ఒక్కటి చెప్పడు. ఇంకో చానల్ల ముసలామె అన్నీ చెప్తది. ఆమె తింటె నేను తిన్నట్టుంటది."

అక్క చేతి వంట తిన్నన్నాళ్లూ "బాగుంది" అని చేయి కడుక్కున్నవాణ్ని నేను. ఇంటికొచ్చి భోంచేశాక ఫోన్ చేసి, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కరకరలాడిన సంగతి కూడా చెప్పాను.

మీరు ఈ పూట తిన్నదాని రుచి కింద రాయండి, అక్కకు చదివి వినిపిస్తాను. సూపర్ అని మాత్రం రాయకండి.