నవ్వించకుండ పంపిన శవం

నేను కామెడీ సినిమాలు తీసినోణ్ణి. ఎన్ని తీసినవని ఎవరన్న అడిగితే నలభై అంటుంట. అందుల సగం ఆడలేదు. కొన్ని విడుదలే కాలేదు. రెండింటికైతే నేను డైరెక్టర్నే కాదు, అసలు డైరెక్టరుకు జ్వరమొస్తే నిలబడ్డ. కనుక ఈ రాసేదాన్ని కూడ జర తగ్గించుకొని చదువుకోండ్రి. ఎక్కడ ఎక్కువైందో నేనే చెప్పుకుంట పోత.

నటులను ఎట్ల పట్టుకుంటరని అడిగినోళ్ళందరికి నేనొక్కటే జవాబు చెప్పేది. మనిషి గడప దాటి లోపలికొచ్చే నడకలనే నాకు తెలిసిపోతది అని. వినేటోళ్ళు తల ఊపేది. నిజమేందంటే, తెలిసేది నాకు కాదు, నా భార్యకు. వచ్చినోళ్ళకు ఆమె చాయ్ ఇస్తది. వాళ్ళు పోయినంక వంటింట్ల నుంచే చెప్తది: "వీడు కప్పుల చాయ్ కంటె నీ మొఖమే ఎక్కువ చూసిండు, వద్దు. ఆ మొదటోడు బిస్కెట్ చాయ్‌ల పడిపోతే తనల తానే నవ్వుకున్నడు, వాణ్ణి తీస్కో." నేను తీసుకునేది. పేరు నాకొచ్చేది.

అన్నిటికంటె కష్టమైన వెతుకులాట ఒక శవం కోసం అయింది.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు ఒక పడుచు నిర్మాత నా దగ్గరికొచ్చిండు. మొత్తం మన భాషల ఒక కామెడీ కావాలన్నడు. నా పడుచుతనంల మన భాష అంటే సినిమాల వాచ్‌మెన్‌కు, రౌడీ పక్కనుండే చెంచాకు ఇచ్చేటోళ్ళు. ఇప్పుడు హీరో మాట్లాడితే ఈలలేస్తున్నరు. సరే అని కథ రాసిన. మక్తల్ దిక్కు ఒక ఊర్ల పెద్దాయన చచ్చిపోతడు. పోయేముందు ఆయన ఏమన్నడో తలా ఒక తీరు చెప్పి చుట్టాలంతా కొట్లాడుకుంటుంటరు. వాళ్ళ పంచాయితీ తెగేదాక శవం అరుగు మీదనే ఉంటది. అంటే సినిమా అయిపోయేదాక.

ఆ వేషం కోసం మూడు జిల్లాల జనం లైన్ కట్టిండ్రని ఒక టీవీల చెప్పిన. వచ్చింది తొమ్మిదిమంది. అందుల ఒకాయన కరెంటు మీటరు చూడనీకి వచ్చినోడు. ఆయన కూడ చాప మీద పండుకొని చూపిచ్చిండు. అందరికంటె మంచిగ చేసింది ఆయనే, కాని డ్యూటీ ఉందని పోయిండు. మిగతోళ్ళల ఒకనికి రెప్పలు కొట్టుకుంటున్నయి, ఒకని పొట్ట లేస్తాంది, ఒకాయన నిజంగనే నిద్రపోయి గురకపెట్టిండు. కదలకుండ పండుకునుడు ఎవనికైనా వస్తది అనుకున్న గాని, పక్కన పదిమంది నవ్వులాట పెట్టంగ కదలకుండ పండుకునుడు ఎవ్వనికీ రాదు.

"నీ పాతోడు ఉన్నడు గద" అన్నది నా భార్య వంటింట్ల నుంచి.

పాతోడంటే తిరుమలగిరి దిక్కు మనిషి. నా సినిమాలల్ల ముప్పై ఏండ్లు వాచ్‌మెన్, కానిస్టేబుల్, బస్సు కండక్టర్ వేసినోడు. కనుబొమ్మ ఒక్కటి లేపితే హాలు హాలంతా నవ్వేది. ముందటేడు గుండె ఆపరేషన్ అయి ఇంట్ల కూసున్నడు. మన భాషల సినిమా అని ఫోన్‌ల చెప్పంగనే ఎంత సంబురపడ్డడో. ఇన్నేండ్లకు మా ఊరి మాట పెద్ద వేషంల మాట్లాడుత అన్నా అన్నడు. ఏ వేషమో చెప్పే ధైర్యం నాకు ఫోన్‌ల రాలేదు. ఇంటికి పోయి, వాళ్ళు పెట్టిన ఉప్మా తిని, చేతులు కడుక్కున్నంక చెప్పిన. ఆ వేషానికి ఒక్క మాట లేదని కూడ చెప్పిన.

మావోడు నవ్విండు. ఆయన భార్య నవ్వలేదు.

"ఏ వేషమన్న వెయ్యమను అన్నా. గిదొక్కటి వద్దు" అన్నది. "దవాఖానల ఆ గ్రీన్ బట్ట కింద ఒక్కపారి చూసిన. నాకు గది సాలు."

సినిమావాళ్ళకు ఒక అలవాటుంది. చచ్చినట్టు నటించినోణ్ణి ఆ రోజు ప్యాకప్ చెప్పేముందు కెమెరా దిక్కు తిప్పి నవ్విస్తం. ఆ ముక్క సినిమాల ఉండదు, ఎవ్వరూ చూడరు. వీడు బతికే ఉన్నడని కెమెరాకు చెప్పి పంపినట్టు, అంతే. నాకిసొంటియి నమ్మకం లేదని పేపర్లల్ల చెప్పుకున్న గాని, నా సినిమాలల్ల ఒక్కనాడు కూడ అది తప్పనియ్యలే. అదే మాట ఆమెకు చెప్పిన. రోజూ నవ్విచ్చే ఇంటికి పంపుత చెల్లే, ఒక్కనాడు తప్పినా నన్నడుగు అన్న. ఆమె మొగుని దిక్కు చూసింది. ఆయన కండ్లల్ల ఆశ చూసి ఒప్పుకున్నది. నా మాట చూసి కాదు.

మక్తల్ దగ్గరి ఊర్ల షూటింగ్ మొదలైంది. శవం మీద పడి ఏడ్చే అక్క వేషానికి హైదరాబాద్ నుంచి ఒక నటిని తెచ్చిన. ఆమె మంచిగనే ఏడ్చింది. జనంల నిలబడి చూస్తున్న ఒకామె మాత్రం మూతి తిప్పింది. గొర్లు కాసే ఇంటామె, చేతిల కట్టె.

"గట్ల ఏడుస్తే సచ్చినోడు లేచి కొడ్తడు" అన్నది.

నువ్వు ఏడ్చి చూపియ్యి అవ్వా అన్న. నాకంటె పెద్దోనివున్నవు, అవ్వ అంటవేంది, అక్క అను అన్నది. అక్కా అన్న. కట్టె పక్కకు పెట్టి, కొంగు నెత్తి మీదికి లాగి మొదలుపెట్టింది.

"ఓ నా తమ్మీ... మొన్న నా ఇంటికొచ్చి నాలుగు గుడ్లు తింటివి గదరో... ఐదోది కోడి కింద పొదుగుకు పెట్టిననంటి, గందుకే అలిగి పోతివా తమ్మీ... మీ బావ గొంగడి అడుక్కపోతివి, గది ఏడ పెట్టినవో చెప్పకనే పోతివా..."

శవం పొట్ట ఊగింది. తర్వాత అరుగు మీది మంచం ఊగింది. మావోడు లేచి కూసొని, కండ్లు తుడుసుకొని, ఈ అక్కను తీసుకుంటే నేను సచ్చుడు కష్టం అన్నా అన్నడు. ఆ పూటనే తీసుకున్న. ఈ ఒక్కామెను మాత్రం నేనే కనిపెట్టిన అని గొప్పగ చెప్పుకుంట గాని, ఆమెనే వచ్చి నన్ను కనిపెట్టింది.

ఆమెకు కూడ ఒక షరతున్నది. బతికున్నోని మీద ఏడుసుడు తన జన్మల చెయ్యలేదట. కనుక ఏడ్చిన ప్రతిరోజు వాడు లేచి నవ్వుడు తను చూడాలె, చూసినంకనే గొర్ల కాడికి పోత అన్నది. మా అలవాటు, ఆమె షరతు ఒక్కటే అయినయి. పొద్దుగూకేముందు కెమెరా తిప్పేది, మావోడు నవ్వేది, అక్క కట్టె పట్టుకొని బయటపడేది. ఎడిటింగ్ చేసే పిల్లగాడు ఫోన్ చేసి, సారూ ఈ నవ్వుడు ముక్కలే సినిమాకంటె బాగున్నయి అన్నడు. వాణ్ణి తిట్టిన గాని, నిజమే.

ఆఖరు రోజు శవాన్ని పాడె మీదికి లేపే సీను. తీస్తుంటే ఒక్కపారే వాన దంచింది. పట్టాలు కెమెరా మీద కప్పుడు, లైట్లు లోపలికి గుంజుడు, జనరేటర్ ఆపుడు, ఎవ్వడేం చేస్తుండో తెల్వదు. గొర్లు తడుస్తున్నయని అక్క కూడ ఉరికింది. మావోని భార్య ఆనాడే కారేసుకొని వచ్చింది, షూటింగ్ కాంగనే ఇద్దరు ఆలంపూర్ పోయి అమ్మవారి దర్శనం చేసుకోవాలని. నేను ఎదురుంగ మగ్గాల ఇంటి వసారాల చాయ్ తాగుకుంట, ఆఖరు షాట్ ఎంత గొప్పగ వచ్చిందో నిర్మాతకు చెప్తున్న. వాన తగ్గినంక చూస్తే అరుగు మీద పూలున్నయి, మనిషి లేడు. పోయిండన్నరు. మంచిది అనుకున్న.

తెల్లారి పొద్దుగాల మేం దిగిన లాడ్జి ముందర పాల ఆటో ఆగింది. అక్క దిగింది.

"నిన్న నవ్విండా?"

నవ్విండక్కా, వానల తడుసుకుంటనే నవ్విండు, గంతసేపు నవ్విండు అన్న.

"నువ్వు అబద్ధమాడితే చేతులు ఊపుతవు" అన్నది. "నెల రోజుల సంది చూస్తున్న."

చేతులు జేబుల పెట్టుకున్న. అప్పుడు తెలిసింది నాకు ఏం మర్చిపోయిన్నో. మావోనికి ఫోన్ చేసిన, స్విచ్ ఆఫ్. ఆయన భార్యకు, చెల్లెకు చేసిన, మోగింది గాని ఎత్తలేదు. మల్ల చేసిన. పక్క రూములున్న లైట్ బాయ్ పండ్లు తోముకుంట వచ్చి, నిన్న కారెక్కేటప్పుడు సారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు అన్నడు. వానికి అది మామూలు ముచ్చట. నాకు కాదు.

కారు తీయిచ్చిన. అక్క అడగకుండనే ఎక్కింది. జూరాల డ్యామ్ మీంచి పోతుంటే గేట్లు ఎత్తి ఉన్నయి, కింద నీళ్ళు తెల్లగ దుంకుతున్నయి. మామూలుగైతే దిగి ఫోటో తీసుకునేటోణ్ణి. నా కండ్ల ముందట నిన్నటి షాటే ఉన్నది. అందుల ఆయన పొట్ట అసలు కదలలే. రెప్ప కదలలే. అబ్బ, ఆఖరుకు ఎంత నేర్చుకున్నడు అని నిర్మాతకు చెప్పింది గదే. అది నేర్పు కాకపోతే? ఒంట్ల బాగలేక గట్ల పడి ఉంటే? ఆ చెల్లెకు నేను ఏ మొఖం చూపియ్యాలె? గద్వాల దాటినంక కూడ ఫోన్ ఎత్తలేదు. అక్క మాత్రం ముందటి సీట్ల కట్టె మోకాళ్ళ నడుమ పెట్టుకొని, రోడ్డు దిక్కే చూసుకుంట కూసున్నది.

ఆలంపూర్‌ల గుడి దిక్కు తిరగంగనే కనపడ్డడు. రోడ్డు పక్క బండి కాడ స్టూలు మీద కూసొని మిరపకాయ బజ్జీ తింటున్నడు. డాక్టరు వద్దన్న బజ్జీ. చెల్లె పక్కన నిలబడి తిడుతున్నది. ఆ తిట్లు నా చెవులకు ఎంత సల్లగ తాకినయో చెప్పలేను. కారు ఆగకముందే దిగి ఉరికిన అని రాద్దామనుకున్న గాని, డ్రైవర్ చెయ్యి పట్టుకొని మెల్లగ దిగిన.

గుండె మీద చెయ్యి సంగతి అడిగిన. అంగి జేబుల ఫోనుండె, తడుస్తదని అదిమి పట్టుకున్నడట. అయినా తడిసి సచ్చింది. చెల్లె ఫోన్ కార్ల ఉన్నది. అంతే సంగతి. 

అయితే మావోడు నా దిక్కు చూస్తలేడు.

"కెమెరాకు పట్టా కప్పిన్రు" అన్నడు బజ్జీ దిక్కే చూసుకుంట. "లైట్లకు కప్పిన్రు. ఆఖరుకు కుర్చీలకు కప్పిన్రు. కట్ అని నువ్వు చెప్పలే, నేను లేవలే. నోట్లకు నీళ్ళు పోతున్నా, ఈమె వచ్చి లేపేదాక పండుకున్న అన్నా. నిజం శవాన్నైతే లోపలికన్న తెత్తురు."

అంటే, ఆ రెప్ప కదలకపోవుడు నేను కట్ అనే మాట కోసమన్నట్టు. తప్పైంది తమ్మీ, ఇప్పుడు ఒక్కపారి నవ్వు, ఫోన్‌ల తీస్త అన్న. చెల్లెకు అప్పుడు అర్థమైంది నేనెందుకు వచ్చిన్నో. ఆమె మొఖం మారింది. నవ్వమని ఆమె కూడ అన్నది. ఆయన నవ్వలేదు. అలిగినోడు నవ్వుతడా? నేను నా నలభై సినిమాలల్ల జోకులన్నీ చెప్పిన. బజ్జీల బండాయన నవ్విండు, మావోడు చట్నీ వేయించుకున్నడు.

అక్క కట్టెను బండికి ఆనిచ్చింది. కొంగు నెత్తి మీదికి లాగింది. నా దిక్కు తిరిగింది.

"ఓ నా డైరెక్టరు తమ్మీ... ఎండల మమ్ముల నిలబెట్టి గొడుగు కింద నువ్వు కూసుంటివి గదరో... బాగ చేసినవక్కా అంటివి, మల్లోపారి అంటివి, బాగ చేస్తే మల్లెందుకు తమ్మీ... చక్కెర బీమారి అని చాయ్ చప్పగ తాగితివి, మా చుట్టాల పెండ్లి లడ్డూలు మూడు జేబుల వేసుకుంటివి... నేను చూడలే అనుకుంటివా నాయినా..."

గుడికొచ్చినోళ్ళు ఆగి చూస్తున్నరు. బజ్జీల బండాయన గరిటె ఆపిండు. మావోని భుజాలు ముందుగాల కదిలినయి, తర్వాత పొట్ట. స్టూలు మీంచి జారి కింద కూసున్నడు. లడ్డూలు, లడ్డూలు అనుకుంట నవ్వుతున్నడు, కండ్ల నీళ్ళు కారంగ. చెల్లె ఆయన వీపు నిమురుకుంట తనూ నవ్వుతున్నది.

ఆ నవ్వు ఫోన్‌ల తీసిన అని, భద్రంగ దాచిన అని ఇన్నాళ్ళు చెప్పుకొచ్చిన. తీయలేదు. ఫోన్ చేతిలనే ఉన్నది, బటన్ నొక్కలే. అది చూసుకొని, అలవాటు కొద్ది "తమ్మీ, మల్లోపారి" అన్న. అక్క నా మొఖం దిక్కు ఒక్క చూపు చూసింది. మావోడు మల్ల పడి నవ్వుడు మొదలుపెట్టిండు. ఈసారి నాకు కూడ ఆగలేదు, ఫోన్ జేబుల పెట్టుకున్న.

నువ్వు నవ్వినవు, వాడు నవ్విండు, నేను చూసిన, ఇగ నా గొర్ల కాడ దింపు అన్నది అక్క, కట్టె అందుకుంట. మావోడు అంగి దులుపుకొని స్టూలు మీదికి లేచిండు. చెల్లె పొట్లంల మిగిలిన బజ్జీ తీసి, చేతితోని రెండు ముక్కలు చేసి, తిట్టకుండ సగం ఆయనకిచ్చింది.