ఆరు బ్యాటరీల ఒటీలియా

బెలీజ్ దేశపు కాకర్ దీవిలో టాక్సీ అంటే బ్యాటరీలతో నడిచే గోల్ఫ్ బండే. పద్నాలుగో నంబరు బండి ఒటీలియాది. పంతొమ్మిదేళ్ళుగా పడవ దిగినవాళ్ళనీ వాళ్ళ పెట్టెలనీ మోస్తోంది. ఆ నంబరు పలక తప్ప ఆమె బతుక్కి వేరే ఆధారం లేదు.

తుఫాన్ల నెలల్లో ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు మెయిన్ స్విచ్ దించి వెళ్ళడం ఆ దీవిలో అలవాటు. చెల్లెలి ఆపరేషన్‌కని బెలీజ్ సిటీ వెళ్తూ ఒటీలియా కూడా దించింది. దానితో పాటు బండి ఛార్జరు కూడా ఆగిపోతుందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. మూడు నెలలకు తిరిగొచ్చి చూస్తే బండి కదలదు, ఛార్జరు ఉలకదు, పలకదు.

సోమవారం టాక్సీల తనిఖీ. బండి తనంతట తాను నడిచి రావాలి. తాడు కట్టి లాక్కొస్తే నంబరు పోతుంది, దానికోసం కాచుకున్న వరుసలో ముందున్నవాడికి ఇచ్చేస్తారు. ఆ ముందున్నవాడు బండ్లు బాగుచేసే క్రిస్పినే. గురువారం వచ్చి సీటెత్తి చూసి పెదవి విరిచాడు.

"ఆరూ పోయాయక్కా. పాత ఇనుము కింద ఇచ్చెయ్."

"నువ్వు వైద్యానికొచ్చావా, శవపేటిక కొలతలకొచ్చావా?"

"ఛార్జరే వద్దంటోంది కదా!"

"అది వద్దంటే నేనూ వద్దనాలా? నడువ్, నడువ్!"

వాణ్ణి పంపేశాక ఒటీలియా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. భయం వేసింది మరి, యాభై ఎనిమిదేళ్ళ మనిషికి. తర్వాత కళ్ళు తుడుచుకుని వోల్టు మీటరు పట్టుకుంది. ఆరేసి వోల్టుల బ్యాటరీల్లో ఒక్కటీ నాలుగు దాటలేదు. ఛార్జరు చెడిపోలేదు. అవతల కాస్తయినా ప్రాణం కనిపిస్తే తప్ప అది కరెంటు వదలదు, అంతే.

బ్యాటరీల్లో లోపలి సీసపు పలకలు మునిగేంత మట్టుకే డిస్టిల్డ్ వాటర్ పోసింది. ఇంట్లో తాగడానికి పట్టిన వాన నీళ్ళు తొట్టి నిండా ఉన్నా ముట్టుకోలేదు. ఇంటి రేకుల మీది సముద్రపు ఉప్పు కడుక్కుని వచ్చే నీళ్ళవి. చిలుము పట్టి పచ్చగా పొంగిన బ్యాటరీ కొసలను వంటసోడా నీళ్ళతో తోమింది. మరిది పడవకు వాడే, ప్రాణం ఉందా లేదా అని చూడని పాతకాలపు పన్నెండు వోల్టుల ఛార్జరు తెచ్చి, బ్యాటరీలను రెండేసి చొప్పున కలిపి, గ్యాసు బయటికి పోయేలా కిటికీలన్నీ తెరిచి, సన్నగా కరెంటు ఎక్కించింది. జంటకొక పూట పట్టింది. ఆదివారం పొద్దున బండి ఛార్జరు పెట్టగానే టక్కుమంది. ఒటీలియా దాన్ని ముద్దుపెట్టుకున్నంత పని చేసింది. చివర్లో అన్నిట్లోనూ నీళ్ళు సరిపడా నింపింది. ఐదు లేచాయి. ఆరోది మాత్రం కుంటుతూనే ఉంది. కొత్తది తెప్పించే వ్యవధి లేదు.

సోమవారం బండి ఇసుక దారిలో నత్తలా బయల్దేరింది. క్రిస్పిన్ పక్కనే నడుస్తున్నాడు.

"ఇంత అవస్థ ఎందుకక్కా? నా బండితో లాగుతాను. ఎవరికీ చెప్పనులే."

"నీ దయ నువ్వే ఉంచుకో. నడిచి నన్ను దాటిపోగలవు కదా, దాటిపో!"

మైదానం దగ్గర తనిఖీ ఆఫీసరు అలామిలా ఎంతసేపో ఎదురుచూశాడు. బండి తన ముందు ఆగాక గడియారం చూసుకున్నాడు.

"ఇదేం వేగం, ఒటీలియమ్మా?"

"నెమ్మదిగా పొమ్మని దీవి నిండా బోర్డులున్నాయిగా బాబూ! వాటి మాట వింటున్నది నేనొక్కదాన్నే."

ఆయనకు నవ్వొచ్చింది. కానీ రూలు రూలే. "ఒక మనిషిని ఎక్కించుకుని మైదానం చుట్టి రావాలమ్మా."

ఆరో బ్యాటరీ కుంటుతోందని ఒటీలియాకు తెలుసు. చుట్టూ చూసింది. అందరిలోకీ బరువైనవాడు క్రిస్పినే.

"ఎక్కరా!"

"నేనా?"

"చచ్చిందన్నావుగా. చచ్చినదాని మీద ఎక్కడానికి భయమెందుకు?"

జనం గొల్లుమన్నారు. క్రిస్పిన్ మొహం మాడ్చుకుని ఎక్కాడు. బండి మూలిగింది, తడబడింది, మలుపు దగ్గర దాదాపు ఆగినంత పనిచేసి మళ్ళీ కదిలింది. చుట్టు పూర్తయింది. ఆఫీసరు పద్నాలుగో నంబరు కాగితం మీద ముద్ర కొట్టి ఆమె చేతికిచ్చాడు.

క్రిస్పిన్ కాలు కింద పెట్టబోయాడు. ఒటీలియా వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎక్కడికి దిగుతున్నావురా? కిరాయి ఇచ్చి దిగు. నా బోణీ నీదే."