మొహమాటానికి చెప్పిన రేటు

లాడ్జీ అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే ఆవిడను వీధిలో అందరూ సంచులక్క అనేవారు. వీపున బ్యాగులు వేసుకుని దేశాలు తిరిగే కుర్రకారు ఆ చవక లాడ్జీలో దిగేవారు. వాళ్ల తెగిన పట్టీలు, పాడైన జిప్పులు బాగుచేయడమే ఆవిడ బతుకుతెరువు. కూతురు అదే లాడ్జీలో గదులు శుభ్రం చేస్తూ, వచ్చేపోయేవాళ్ల మాటలు విని విని ఇంగ్లీషు పట్టేసింది. బేరం ముదిరితే చీపురు చేతిలో ఉండగానే కిందికి దిగొచ్చి తల్లి తరఫున మాట్లాడేది.

ఒక సాయంత్రం వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. లాడ్జీలోంచి ఓ పొడుగాటి మనిషి పరుగెత్తుకొచ్చి, ఆవిడకు సాయంపట్టి మిషను లోపలికి చేర్చాడు. నిలువునా తడిసిపోయాడు. అతని బ్యాగు పట్టీ ఊడి వేలాడుతోంది. సంచులక్క చేతులు తుడుచుకుని దాన్ని గట్టిగా కుట్టి ఇచ్చింది. ఎంతని అడిగాడు. సాయం చేసిన మనిషి దగ్గర ఏం తీసుకుంటాం? వద్దంటే నొచ్చుకుంటాడేమోనని ఒక టీ ఖరీదు చెప్పింది. అతను మురిసిపోయి, ఆవిడను ఫొటో తీసుకుని వెళ్లాడు.

నెల తిరక్కుండానే అరుగు ముందు జనం పెరిగారు. దశ తిరిగిందనుకుంది సంచులక్క. ఒకమ్మాయి బ్యాగుకు జిప్పు మొత్తం మార్చాల్సి వచ్చి రేటు చెబితే, ఆ పిల్ల ఫోను తీసి మొహం ముందు పెట్టింది. వానరోజు ఆ పొడుగాటాయన తీసి నెట్‌లో పెట్టిన ఫొటో అది. అందులో తడిసిన జుట్టుతో నవ్వుతున్నది సంచులక్కే.

"ఏం రాశాడే కింద?" అని కూతుర్ని పిలిచి అడిగింది.

కూతురు చదివి చెప్పింది. "నువ్వు చాలా మంచిదానివంటమ్మా. ఏ బ్యాగైనా టీ ఖరీదుకే బాగుచేస్తావంట. అంతకన్నా ఎక్కువిస్తే ఇక్కడివాళ్లు చెడిపోతారంట, ఇవ్వొద్దని రాశాడు."

"చెడిపోవడమేంటే నా మొహం! జిప్పే అంతకు రాదుగా!"

కొందరు కూతురు చెప్పింది విని సరేనన్నారు. చాలామంది దొంగను చూసినట్టు చూసి, లాడ్జీ ఓనరుకు ఫిర్యాదు చేసి పోయారు. ఆయన అరుగు దగ్గరికొచ్చాడు. "నీ మూలంగా నా లాడ్జీకి చెడ్డపేరొస్తోందక్కా. వాళ్లడిగిందానికి చేసిపెట్టు. లేదంటే అరుగు ఖాళీ చెయ్యి."

అరుగు ఆయనదే. ఏం చేస్తుంది? పాత బ్యాగుల జిప్పులు ఊడదీసి వచ్చినవాళ్ల బ్యాగులకు వేసింది. అవి నాలుగు రోజులకే ఊడితే, ఆ తిట్లూ తనే పడింది.

మరుసటి ఏడు ఆ పొడుగాటాయనే ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. ఆవిడకు బోలెడు గిరాకీ తెచ్చిపెట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. సంచులక్క నవ్వి స్టూలు జరిపింది.

"ఇప్పుడైనా నోరు విప్పవేంటమ్మా?"

"ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏమంటామే..."

"నువ్వనకపోతే నేనంటా." కూతురు అంతా చెప్పేసింది.

అతని మొహం వాడిపోయింది. "ఆ రేటు ఆవిడే చెప్పింది కదా?" అన్నాడు మెల్లగా. అదీ నిజమే. అతను పర్సు తీసి ఉన్న నోట్లన్నీ చేతిలో పెట్టబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది.

"డబ్బొద్దని చెప్పవే. ఆ రాసింది తీసెయ్యమను. ఆ రోజు వానలో తడిశాడని అలా చెప్పానని చెప్పు."

అతను అక్కడే నిలబడి తీసేశాడు. సంచులక్క ఊపిరి పీల్చుకునేలోపే, అతని స్నేహితుడు తన ఫోను ముందుకు చాపాడు. అదే ఫొటో, అవే మాటలు, వేరేవాళ్ల పేర్లతో. ఎంతమంది ఎత్తి రాసుకున్నారో!

"అవి తన చేతిలో లేవంటమ్మా."

"మరెవరి చేతిలో ఉన్నాయంట?"

కూతురు అడిగింది. అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ తర్వాత సంచులక్క బ్యాగులు మానేసింది. ఇప్పుడు లాడ్జీ వెనక గదిలో దిండు గలీబులు, కర్టెన్లు కుడుతోంది. దేనికెంతో ఓనరే చెబుతాడు. బ్యాగులవాళ్లు వెతుక్కుంటూ వస్తే కిటికీలోంచి చెయ్యి అడ్డంగా ఊపుతుంది. మొన్న ఒక ముసలావిడ తెగిన పట్టీ పట్టుకుని చాలాసేపు బతిమాలింది. పట్టీ చేతిలోకి తీసుకుని చూసింది సంచులక్క. రెండు నిమిషాల పని. కుట్టి ఇస్తే ఈవిడ ఎక్కడ ఏం రాస్తుందో. తిరిగి ఇచ్చేసింది.