విశ్రాంతి హక్కు

మొన్న జెర్సీ సిటీలో రోడ్డు పక్కన పాత పుస్తకాలు అమ్ముతుంటే ఒకటి తెరిచాను. ఆ కాగితం వాసనకి చిన్నప్పుడు మోరిస్‌విల్‌లో మేమున్న ఇల్లు, తాతయ్య గుర్తొచ్చారు.

అప్పుడు నాకు ఏడేళ్లు. వయసులో ఉండగా కమ్యూనిస్టు పార్టీలో తిరిగిన తాతయ్య, మమ్మల్ని చూడటానికి ఇండియా నుంచి వస్తూ సోవియట్ రాజ్యాంగం తెలుగు పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాడు.

"అక్కడ జనానికి విశ్రాంతి తీసుకునే హక్కు ఉండేది తల్లీ. రాజ్యాంగంలోనే రాశారు."

"రెస్టా? అందరికీ? ఆ కంట్రీ ఎక్కడుంది తాతయ్యా?"

"ఇప్పుడు లేదమ్మా. పోయింది."

అందరూ పడుకున్నారు కాబట్టే దేశం పోయిందని నాకు అర్థమైంది. తల తిప్పి చూస్తే సోఫాలో నాన్న! శనివారాలు కూడా లాప్‌టాప్ వదలని మనిషి, ఆ రోజే కాస్త కునుకు తీస్తున్నాడు. పరుగెత్తి భుజం పట్టుకుని కుదిపాను.

"లే నాన్నా! స్లీప్ అవ్వకు! మన ఇల్లు పోతుంది!"

నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది? ఆఫీస్ నుంచి కాల్ వచ్చిందా?" అంటూ లాప్‌టాప్ తెరిచాడు. తాతయ్య నవ్వబోయి, కొడుకు మొహం చూసి ఆగిపోయాడు.

ఆ ఏడాది నాన్న ఆఫీసులో లేఆఫ్‌లు జరుగుతున్నాయని, ఉద్యోగం పోతే వీసా పోయి మేం ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేదని పెద్దయ్యాక తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆయన మళ్లీ నడుం వాల్చలేదు. ఇల్లు కాపాడానని నేను మాత్రం తెగ పొంగిపోయాను.