బాషా కాలికి కట్టిన దొంగ కట్టు

1946 జూన్‌లో తిరుపతిలోని ఒక కళాశాలలో వ్యాయామ శిక్షకుడిగా చేరాను. కాగితం మీద హోదా అదే అయినా ఊరికి నేను డ్రిల్లు మాస్టరునే. మొదటి ఏడాది ప్రొబేషను. అంటే నా ముఖం నచ్చకపోయినా ప్రిన్సిపాలుగారు ఇంటికి పంపేయవచ్చు.

అప్పట్లో ఫుట్‌బాల్ వట్టి కాళ్లతోనే ఆడేవారు. మైదానాల్లో గడ్డికన్నా గులకరాళ్లే ఎక్కువ. చుట్టుపక్కల కళాశాలల లీగులో గెలిస్తే రెండు పాయింట్లు, సమంగా ముగిస్తే ఒకటి. నా పుస్తకజ్ఞానమంతా రంగరించి ఒక సిద్ధాంతం తయారుచేశాను. మొదటి మూడు మ్యాచులు ఓడకుండా ఉంటే చాలు, కాళ్లు మిగుల్చుకుని చివర్లో చెలరేగాలి.

మా జట్టులో గోల్సు కొట్టేవాడు సెంటర్ ఫార్వర్డు బాషా ఒక్కడే. గాజుల వ్యాపారి కొడుకు, ఆఖరి సంవత్సరం విద్యార్థి. అతన్ని దాచాలి. బాగున్నవాణ్ణి కూర్చోబెడితే ప్రిన్సిపాలుగారు సంజాయిషీ అడుగుతారు, ఊరు బూతులు తిడుతుంది. అందుకని ఆట సామాన్ల గదిలో తలుపు వేసుకుని, వెదురు బద్దలు, గుడ్డు తెల్లసొన, పాతగుడ్డలతో అతని కాలికి అచ్చం పుత్తూరు కట్టు కట్టేశాను. ఎముక విరిగితే మా వైపు జనం పుత్తూరుకే పోతారు. ఆ కట్టును శంకించే మొనగాడు జిల్లాలో లేడు.

"ఊరికే కూసోని సూస్తా ఎట్లుండేది సార్?" అని బాషా గొణిగాడు. మూడు వారాలేగా అని నోరు మూయించాను.

మొదటి మ్యాచ్ ఎవరికీ గోల్ లేకుండా ముగిసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తరువాత రెండో మ్యాచ్. విశ్వవిద్యాలయ జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దమనిషి మద్రాసు రైల్లో వచ్చి, రేణిగుంటలో దిగి నేరుగా మైదానానికి చేరాడు. ఏటా సీజను చివర వచ్చేవాడు, ఆ ఏడు ముందే బయలుదేరాడు. నా సిద్ధాంతం గురించి ఆయనకెవరూ చెప్పలేదు మరి. ఆ జట్టులో ఆడాలన్నదే బాషా ఆశ. మరుసటి ఏడు గాజుల పెట్టె ఎత్తుకోవలసినవాడికి అదే ఆఖరి అవకాశం.

కుంటడం కూడా మరిచి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "కట్టు ఇప్పేస్తా సార్. పది నిమిషాలు దిగితే సాలు, ఆయప్ప సూసుకుంటాడు."

గడువుకు ముందే పుత్తూరు కట్టు విప్పి ఆడితే అది దొంగదని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. నాలుగడుగుల దూరంలో ప్రిన్సిపాలుగారు కూర్చుని ఉన్నారు. వద్దన్నాను.

ఎన్నాళ్లు పడుతుందని ఆ పెద్దమనిషి నన్నే అడిగాడు. ఇంకా రెండు వారాలని చెప్పాను. నా గొంతు వణకలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన బాషా పేరు మీద పెన్సిలుతో గీత కొట్టి, మిగతా ఆట చూడడంలో పడ్డాడు.

కట్టు విప్పాక బాషా ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టాడు. కప్పు మాకే వచ్చింది. ప్రిన్సిపాలుగారు సభలో నా ముందుచూపును మెచ్చుకుని ఉద్యోగం ఖాయం చేశారు. చదువు ముగించి వెళ్లే రోజు బాషా నా గదికి వచ్చాడు.

"మీ ఉద్యోగం మీరు కాపాడుకున్నారు సార్, దాన్ని తప్పనను. నా కాలు గూడా మీదే అనుకున్నారు సూడండి, అదే బాధ" అన్నాడు.

తరువాత ముప్పై ఏళ్లు అదే పని చేశాను. సీజను మొదట్లో ఆచితూచి ఆడించడం తప్పు కాదు, ఎన్నోసార్లు ఆడించాను. అయితే ఎవరినైనా కూర్చోబెట్టాలనుకుంటే ముందు అతన్నే అడిగేవాణ్ణి. అతను ఆడతానంటే మొదటి మ్యాచ్‌లోనే దింపేవాణ్ణి.