నాయన అడిగితే తల ఊపాను

మా చిన్నప్పుడు... ఆత్మకూరు బస్టాండు వెనక సందులో మా నాయనకు స్పీకర్ల షాపు ఉండేది. ఇళ్లలో టేపురికార్డర్లకు, కార్లకు స్పీకర్లు బిగించడం, పాడైతే బాగుచేయడం ఆయన పని. బడి వదలగానే నేను ఇంటికి పోకుండా నేరుగా షాపుకే పోయేదాన్ని.

నాయన ఓ టార్చిలైటు సెల్లు తీసుకుని, స్పీకర్ వైర్లు రెండూ దాని రెండు కొసలకు ఆనించేవాడు. "టప్" మనేది. లోపలి నల్ల అట్ట ముందుకొస్తే ప్లస్సు ఏదో తెలిసినట్టే... దాని పక్కన ఎర్ర పెయింటు చుక్క పెట్టేవాడు. రెండు స్పీకర్లలో ఒకటి తిన్నగా, ఒకటి తిరగబెట్టి కలిపితే పాటలో మద్దెల మోత చచ్చిపోతుందట.

సంగం నుంచి, మర్రిపాడు నుంచి కూడా బళ్లు వచ్చేవి. "యోహానన్న చెవికి దొరకని తప్పు ఉండదు" అనేవారు జనం.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. నాయనకు చెవులు పోయాయి. ఏళ్ల తరబడి సభలకు మైకు హారన్లు కట్టి, వాటి మూతి దగ్గరే నిలబడిన పాపం... ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి దగ్గరికొచ్చి అరిస్తేనే అందేది. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. అమ్మకు కూడా చెప్పలేదు. "ఏం చెప్పినా పలకడు, బండరాయి" అని అమ్మ తిట్టుకునేది.

"చెవిటోడికి సెట్టు ఎవురిస్తారు పాపా? ఎవురికీ చెప్పబాక" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

అట్ట కదలిక కంటితో చూసేవాడు. మోత అరచెయ్యి ఆనించి పట్టేవాడు. గరగర మాత్రం కంటికీ అందదు, చేతికీ అందదు. అందుకే నేను. పని అయ్యాక నా మొహం చూసి "బాగుండాదా పాపా?" అనేవాడు. బాగుంటే తల ఊపాలి. లేకపోతే ముక్కు గోక్కోవాలి. పదేళ్ల పిల్లకు అదెంత గొప్పో!

ఓ రోజు నాకు చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు... మర్రిపాడు నుంచి బాడుగ కారు సుబ్బయ్య కొత్త స్పీకర్లు బిగించమని వచ్చాడు. "ఈ కారొక్కటి అయినాక పోదువులే" అన్నాడు నాయన. ఎంతకీ తెమలదే! మూతి ముడుచుకుని కూర్చున్నాను.

చివరికి పాట పెట్టాడు. కుడి పక్క స్పీకర్ గరగర... రేకు మీద మేకుతో గీకినట్టు. స్పష్టంగా విన్నాను. నాయన నా వైపు చూశాడు. ముక్కు గోక్కున్నానంటే మళ్లీ అంతా విప్పాలి, ఇంకో గంట. తల ఊపేసి పరుగెత్తాను.

సందు మొదటికి చేరానో లేదో వెనక సుబ్బయ్య అరుపు. "ఏందన్నా ఇది? ఈ గరగర నీకు ఇనబళ్ళేదా?"

నాయన అటు తిరిగి స్క్రూలు డబ్బాలో వేసుకుంటున్నాడు. పలకలేదు. సుబ్బయ్యకు అనుమానం వచ్చి, వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. నాయన తిరగలేదు. టీ కొట్టు దగ్గరి వాళ్లు వచ్చి ఒకడి తర్వాత ఒకడు చప్పట్లు కొట్టారు. ఇంకొకడు పళ్లెం మోగించాడు. ఒకటే నవ్వులు. నాయన స్క్రూలు ఏరుకుంటూనే ఉన్నాడు. నేను దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను, పోయి ఆపలేదు. సిగ్గులేనిదాన్ని.

వారం తిరిగేసరికి "చెవిటి మెకానిక్కు" అన్న పేరు ఊళ్లన్నీ పాకింది. బళ్లు రావడం ఆగిపోయింది.

నాయన నన్ను ఒక్కటే అడిగాడు. "ఆ పొద్దు నీకు ఇనబడిందా పాపా?"

తిట్లు తప్పించుకోవాలని... "ఇనబళ్ళేదు నాయనా" అన్నాను. ఛీ! నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తన చెవుడు నాకూ వచ్చిందనుకున్నాడు. మర్నాడే నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గరికి బస్సెక్కించాడు. దారి పొడుగునా నా చెవులు నిమురుతూనే ఉన్నాడు.

డాక్టరు నన్ను పరీక్ష చేశాడు. నాయనకు వినపడదని గ్రహించి కాగితం మీద రాసిచ్చాడు... పాప చెవులకు ఏ లోపమూ లేదని. నాయన రెండుసార్లు చదివి, "దేవునికి స్తోత్రం" అంటూ అక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బస్టాండులో నాకు జామకాయలు కొనిచ్చాడు.

తిరుగు బస్సు సంగం దాటాక ఆ కాగితం మళ్లీ తీశాడు. చదివి నా వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. నమలడం ఆపేశాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు.

షాపు మూసేసి ఉదయగిరి వైపు రోడ్డు పనులకు పోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నన్ను మళ్లీ ఏదీ "బాగుండాదా" అని అడగలేదు. తప్పయిందని కాగితం మీద రాసి చూపిద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో... రేపు, రేపు అనుకుంటూనే ఉన్నాను. నాయన పోయాడు.

మొన్న మా కారుకు స్పీకర్లు వేయించాను. షాపతను ఫోన్లో ఏదో నొక్కితే ఎడమా కుడీ వాటంతటవే సర్దుకున్నాయి. పక్కన కూర్చుని విని చెప్పే మనిషితో ఇప్పుడు పనే లేదు...

చిన్నప్పుడు మీరూ ఎవరికైనా ఇలాంటి అబద్ధం చెప్పి ఉంటే కింద రాయండి. ఆగండి... ఆ మనిషి ఇంకా ఉంటే, ముందు పోయి వాళ్లకు చెప్పి రండి. నాకు తర్వాత రాద్దురు.